ఆదివారం దాకా పడని షేరు

మా చెల్లి భర్త ఉద్యోగమంతా చెవులతోనే చేశారు. దీవుల మధ్య తిరిగే ఓడల్లో వైర్‌లెస్ ఆపరేటరుగా చేరి, తర్వాత జెట్టీ దగ్గరి వైర్‌లెస్ గదికి మారి, అక్కడే రిటైరయ్యారు. ఇంట్లో కూడా ఎవరైనా మాట్లాడుతుంటే తల కాస్త పక్కకి వంచి, కళ్ళు నేలమీద పెట్టి వింటారు. మనం చెప్పడం అయ్యాక ఒక క్షణం ఆగి, మనం అన్నదే మళ్ళీ మనకి అప్పజెప్తారు. "కందిపప్పు కిలో, చింతపండు అరకిలో, అంతే కదా?" అంటారు. మా చెల్లికి అది చిరాకు. నాకు మాత్రం, చెప్పింది చెప్పినట్టు వినే మనిషి కుటుంబంలో ఒకరున్నారని ధైర్యంగా ఉండేది.

రిటైరయ్యేనాటికి వాళ్ళు లంబాలైన్‌లో సర్కారు క్వార్టరులో ఉన్నారు. విమానం దిగినప్పుడల్లా గోడమీది క్యాలెండరు ఊగే ఇల్లు అది. రిటైరైనవాళ్ళు క్వార్టరు ఖాళీ చెయ్యడానికి కొన్ని నెలలే గడువు. ఫెరార్గంజ్‌లో రోడ్డుకి కాస్త లోపలగా ఎప్పుడో కొనుక్కున్న స్థలం ఉంది. చేతికొచ్చిన రిటైర్మెంటు డబ్బుతో అందులో ఇల్లు కట్టుకోవాలి. అది తప్ప వాళ్ళకి వేరే దారి లేదు. మా దీవుల్లో ఇల్లు కట్టడమంటే సిమెంటు దగ్గర్నుంచి ఇనుము దాకా ఓడ దయ. ఓడ ఆలస్యమైతే మేస్త్రీ ఇంకో పనికి పోతాడు. వానలు మొదలైతే పునాది గుంటల్లో కప్పలు చేరతాయి. అందుకని ఎండలుండగానే మొదలుపెట్టాలని మేస్త్రీతో మాట కూడా అయిపోయింది. మా చెల్లి కళ్ళకి ఆ రిటైర్మెంటు సొమ్ము డబ్బులా కనపడేది కాదు. గోడలూ, కప్పూ, వంటింటి గట్టూ కనపడేవి.

సరిగ్గా అప్పుడే ఆయన మనసు ఒక కంపెనీ మీదికి పోయింది.

మెయిన్‌లాండ్‌లో ఉన్న చిన్న కంపెనీ. చేపల వేటకి వెళ్ళే చిన్న డింగీ పడవలకి బిగించే ఇటుకంత పెట్టె తయారు చేస్తుంది. సముద్రంలో ఆపద వచ్చినప్పుడు మీట నొక్కితే, పడవ ఎక్కడుందో ఉపగ్రహం ద్వారా ఒడ్డుకి తెలుస్తుంది. ఆయన వైర్‌లెస్ గదిలో ఉన్న రోజుల్లో, ఇంజను చెడి ప్రవాహంలో కొట్టుకుపోతున్న ఒక డింగీ నుంచి ఆ పెట్టె ద్వారానే కబురు వచ్చింది. ఆయన దాన్ని అందుకుని గస్తీ పడవకి చెప్పారు. అందులోని ఇద్దరూ బతికారు. ఒకరు మా చర్చి సంఘం మనిషే. ఇప్పటికీ ఆరాధన అయ్యాక ఆయన కనపడితే చెయ్యి పట్టుకుని ఓ నిమిషం వదలడు.

అంత మంచి పెట్టె చేసే కంపెనీ కష్టాల్లో పడింది. రావలసిన బిల్లులు రాలేదు, అప్పులు పెరిగాయి, పనివాళ్ళ జీతాలు ఆలస్యమవుతున్నాయి. ఒకప్పుడు బాగానే పలికిన షేరు, మా బజారులో కొబ్బరి బొండాం ధర కంటే కిందికి దిగింది. ఈ సంగతి ఆయనకి పాత సహోద్యోగి ఒకాయన చెప్పారు. అప్పట్నుంచి ఆయనకి అదే ధ్యాస. దాన్ని నేను దురాశ అనను. బ్యాంకు కౌంటరు వెనక కూర్చుని చాలా ఏళ్ళు పనిచేశాను, దురాశ పట్టిన మొహాలు బాగా తెలుసు నాకు. ఆయన మొహంలో ఉన్నది, జబ్బు చేసిన స్నేహితుణ్ణి ఆసుపత్రిలో చూసి వచ్చిన మనిషి దిగులు. దానికి కాస్త లాభం ఆశ కూడా కలిసింది, లేదని చెప్పను. ధర లేస్తే ఇంటి మీద ఇంకో గది వేసుకోవచ్చని మా చెల్లితో అన్నారట.

సముద్రం అడుగునుంచి ఇంటర్నెట్ కేబుల్ వచ్చాక మా ఫోన్లు పరుగెత్తడం నేర్చుకున్నాయి. అంతకుముందు ఒక ఫొటో తెరుచుకునేలోపు టీ కాచుకోవచ్చు. ఇప్పుడు జెట్టీ మీద నిలబడి షేర్లు కొనొచ్చు. ఆయన ఫోనులో యాప్ పెట్టుకుని, ఖాతా తెరవడానికి కాగితాలు పంపారు.

అప్పుడే మా చెల్లి బతు బస్తీలో ఉన్న మా ఇంటికి వచ్చింది. నన్ను అప్ప అంటుంది. శ్రీకాకుళం వైపు నుంచి మా తాతలతో పాటు ఓడెక్కి వచ్చిన పిలుపు అది. చెప్పులు విప్పకుండానే గుమ్మంలో కూర్చుంది.

"ఎంత పెడతారట?" అన్నాను.

"అంతా."

"మరి నువ్వేమన్నావు?"

"నేనేటంటాను అప్పా? 'ప్రార్థనలో పెడదాం' అన్నారు. ఆ మాటన్నాక ఇంక నోరెత్తడానికుందా? ఆయనతో అయితే పోట్లాడతాను. దేవుడితో పోట్లాడమంటావా?"

మా సంఘం సంగతి తెలియనివాళ్ళకి ఆ మాట బరువు తెలియదు. మాలో బదిలీ అయినా, ఆపరేషన్ అయినా, మెయిన్‌లాండ్ ఓడకి టికెట్టు దొరక్కపోయినా ముందు ప్రార్థనలో పెడతాం. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఒక్కొక్కరు లేచి తమ భారం చెప్పుకుంటారు, అందరూ మోకాళ్ళూని దాన్ని మోస్తారు. నేను పెరిగింది ఆ మోకాళ్ళ మధ్యే. నా భర్త పోయినప్పుడు నన్ను నిలబెట్టింది కూడా అదే. అయితే దానికి ఇంకో వైపు ఉంది. ఒకసారి ప్రార్థనలో పెట్టిన సంగతి ఆ ఇంటి సంగతిగా మిగలదు. జవాబు వచ్చిందని లేచి సాక్ష్యం చెప్పాక ఇంక వెనక్కి తగ్గడం ఉండదు. తగ్గితే అది ఆలోచన మార్చుకోవడంగా కాదు, అవిశ్వాసంగా కనపడుతుంది.

తొందరపడొద్దు, ఆదివారం నేను మాట్లాడతానని చెల్లికి చెప్పి పంపాను. ఆ శుక్రవారం జలుబు చేసి నేను ప్రార్థనకి వెళ్ళలేదు. అక్కడ ఏం జరిగిందో నాకు ఆదివారం గుడిలోనే తెలిసింది.

రెండో పాట అయ్యాక పాస్టర్ అయ్యగారు సాక్ష్యాలు ఉన్నవాళ్ళు చెప్పమన్నారు. మా మరిది, చెల్లి భర్త, లేచారు. ఎప్పుడూ వెనక వరుసలో కూర్చుని పాటకి పెదవులు కూడా సరిగ్గా కదపని మనిషి. గొంతు సవరించుకుని, వైర్‌లెస్‌లో చెప్పినట్టే ఒక్కో మాటా విడివిడిగా చెప్పారు. బైబిల్లో గిద్యోను కళ్ళంలో ఉన్ని పరిచి, తెల్లారేసరికి నేల పొడిగా ఉండి ఉన్ని మాత్రం తడవాలని దేవుణ్ణి గుర్తు అడిగినట్టు తను కూడా ఒక గుర్తు అడిగానన్నారు. ఆ షేరు కొన్ని వారాలుగా రోజూ పడుతూనే ఉంది. కొనడం దేవుని చిత్తమైతే, శుక్రవారం సాయంత్రం ప్రార్థన నుంచి ఆదివారం ఆరాధన దాకా అది ఒక్క పైసా కూడా పడకుండా ఆగాలి. ఉపవాసమున్నారు. శనివారం పొద్దున్న చూశారు, మధ్యాహ్నం చూశారు, సాయంత్రం చూశారు. ఈ రోజు గుడికి బయల్దేరే ముందు చూశారు.

"పైసా పడలేదండి," అన్నారు. "పైసా కూడా కదల్లేదు."

గుడి అంతా స్తోత్రం అంది. ముందు వరుసలో ఒక పెద్దావిడ చేతులెత్తింది. అయ్యగారు ఆమెన్ అన్నారు. నేను కూడా ఆమెన్ అనబోయి, మధ్యలో ఆగి రోజులు లెక్కపెట్టుకున్నాను.

శనివారం, ఆదివారం మార్కెట్టు మూసి ఉంటుంది.

గాయక బృందంలో ఉన్న కుర్రాళ్ళలో ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పక్క వరుసలో ఉన్న ఒక ఉపాధ్యాయుడు నా వైపు చూసి, వెంటనే పాటల పుస్తకంలోకి తల దించుకున్నాడు. అంటే వాళ్ళకీ తెలుసు. కాని సాక్ష్యం మధ్యలో లేచి కాదనడం మా దగ్గర లేదు. మా మరిదికి ఎలా తెలియలేదా అని మొదట నాకు ఆశ్చర్యం వేసింది. తర్వాత అర్థమైంది. ఆయన ఖాతా తెరుచుకున్నది ఆ వారంలోనే. అంతకుముందు ధర సంగతి స్నేహితుడి నోట వినడమే. పైగా ఓడకి సెలవు రోజంటూ లేదు. వైర్‌లెస్ గదికి ఆదివారం తాళం వెయ్యరు. జీవితమంతా వారానికి ఏడు రోజులూ తెరిచి ఉన్న లోకంలో బతికిన మనిషి, మార్కెట్టు కూడా మనలాగే విశ్రాంతి దినం పాటిస్తుందని ఊహించలేదు.

ఆ రోజు ప్రసంగం నా చెవుల్లోకి వెళ్ళలేదు. గిద్యోను గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. మా దీవుల్లో ఆరుబయట పెట్టిన వస్తువేదైనా తెల్లారేసరికి తడుస్తుంది. నేల తడిసి ఉన్ని మాత్రం పొడిగా ఉండాలన్న రెండో గుర్తు గిద్యోను ఇక్కడ అడిగి ఉంటేనే అసలైన అద్భుతం. ఆ తలంపుకి నాలో నేనే నవ్వుకుని, మళ్ళీ భయపడ్డాను. బలహీనుడికి అడ్డుబండ కావడం ఎంత పెద్ద పాపమో సండే స్కూలు పిల్లలకి చెప్పేదాన్ని నేనే. ఆయన జీవితంలో మొదటిసారి లేచి సాక్ష్యం చెప్పారు. అది చెల్లదని చెప్తే ఇంకెప్పుడైనా లేస్తారా? చెప్పకపోతే సోమవారం పొద్దున్న నా చెల్లి గోడలూ కప్పూ ఆ యాప్‌లోకి పోతాయి. జరగనిదాన్ని జరిగిందనుకుని నిలబడ్డ విశ్వాసాన్ని అలాగే వదిలెయ్యడం ప్రేమ అవుతుందా? ప్రభువా, నా నోటికి మాట అందించు, మెత్తని మాట అందించు అని అడుగుతూనే ఉన్నాను. ఆశీర్వాదం అయి అందరూ లేచేదాకా అడిగాను.

మధ్యాహ్నం వాళ్ళతోపాటే ఆటోలో లంబాలైన్ వెళ్ళాను. మా చెల్లి వంటింట్లో చేప వేపుతోంది. ఆయన ఉపవాసం విడిచిన ఉత్సాహంలో ఉన్నారు.

"ఇందాక కొనబోతే, మార్కెట్టు తెరిచాకే అని చూపించింది ఫోను. రేపు పొద్దున్న తెరవగానే కొనేస్తాను వదినా," అన్నారు.

"తెరవగానే అంటే, ఇప్పుడు మూసి ఉందనేగా మరిదిగారూ?"

"ఆదివారం కదా."

"మరి నిన్న?"

ఆయన ఫోను చేతిలోకి తీసుకున్నారు. తల పక్కకి వంగింది. తెరని వేలితో పైకీ కిందికీ జరిపారు. వంటింట్లో అట్లకాడ చప్పుడు ఆగిపోయింది.

"శుక్రవారం మధ్యాహ్నం మూసేశారు," అన్నారు చివరికి, అలవాటు ప్రకారం నాకే అప్పజెప్తున్నట్టు. "మళ్ళీ సోమవారం పొద్దున్న తెరుస్తారు. మధ్యలో ధర కదలదు. అంతే కదా?"

"అంతే."

"సంఘమంతా స్తోత్రం చెప్పారు వదినా."

"చెప్పారు."

"అయితే దేవుడు నాకు జవాబు ఇవ్వలేదంటారా?"

దేవుడు మీ మొర వినలేదని నేను అనను, విన్నాడనే నా నమ్మకం, కాని ఈ ఫోను చూపించింది జవాబు కాదు అన్నాను. అన్నాక నా గొంతే నాకు కటువుగా వినిపించింది. ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. విమానం ఒకటి దిగింది. ఆ మోత తగ్గేదాకా అలాగే నిలబడి, తర్వాత బయటికి చూస్తూనే మాట్లాడారు.

"సెట్టు ఆపి ఉన్నప్పుడు ఏమీ వినపడదు. దాన్ని సముద్రం మీద ఆపద ఏమీ లేదని రాసుకుంటే ఆపరేటరు ఉద్యోగం పోతుంది. చేరిన మొదటి వారంలో నేర్పిస్తారు అది. అయినా నేను ఇక్కడ అలాగే రాసుకున్నాను."

ఆ మాటతో అయిపోతుందనుకున్నాను. కాలేదు. అన్నం తిన్నాక మళ్ళీ ఎత్తారు. గుర్తు కాకపోతే కాకపోయింది, కంపెనీ మంచిదే కదా, పెట్టె మంచిదే కదా అన్నారు. అది సరైన ప్రశ్న. దానికి ప్రార్థనతోపాటు లెక్క కూడా కావాలి. కంపెనీ తన వాటాదారుల కోసం ప్రకటించిన వివరాలు ఫోనులో తెరిచి ఇద్దరం చదివాం. బ్యాంకులో అప్పుల కాగితాలు చూసిన అలవాటు కొద్దీ నాకు అర్థమైనంత చెప్పాను.

మంచి వైపు నుంచే మొదలుపెట్టాం. పెట్టెకి పేరుంది. ఇంకా చెయ్యవలసిన ఆర్డర్లున్నాయి. జీతం ఆలస్యమైనా పాత ఇంజనీర్లు చాలామంది వదిలి వెళ్ళలేదు. ఇవన్నీ నిజాలే, వాటిని నేను తగ్గించి చెప్పలేదు. రెండో వైపు చూస్తే, ఆ పెట్టెలు కొనేది దాదాపు ప్రభుత్వాలే. అవి డబ్బు ఇచ్చినప్పుడే ఇస్తాయి. అప్పటిదాకా కంపెనీ వడ్డీకి తెచ్చుకుని బతకాలి. యజమానులు తమ సొంత షేర్లనే తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకున్నారు. ధర ఇంకా పడితే అప్పిచ్చినవాళ్ళు వాటిని అమ్మేస్తారు, అప్పుడు ఇంకా పడుతుంది. లెక్కలు తనిఖీ చేసే ఆడిటరు గడువు కాకముందే తప్పుకున్నాడు. ఇలాంటి చిన్న కంపెనీ షేరు రోజూ కొనేవాళ్ళే కొద్దిమంది. పడే రోజున మనం అమ్ముతామన్నా కొనేవాడు దొరకడు.

"ఓడెక్కడానికి ఎప్పుడూ చోటుంటుంది మరిదిగారూ. దిగడానికి జెట్టీ ఉందా అని కదా చూసుకోవాలి," అన్నాను.

"ఆ పెట్టె మనుషుల్ని కాపాడింది వదినా."

"కాపాడింది. పెట్టె మంచిదైతే కంపెనీ బతుకుతుందని లేదు. కంపెనీ బతికినా, ఇవాళ షేరు కొన్నవాడి డబ్బు బతుకుతుందని లేదు. అప్పులవాళ్ళకి కొత్త షేర్లు ఇచ్చి కంపెనీని నిలబెడితే మీ భాగం నీళ్ళ పాలలా పలచనవుతుంది."

ఆయన వాక్యం ఎత్తుకున్నారు. వ్యాపారం చెయ్యమని ఇచ్చిన తలాంతు సొమ్మును భయపడి మట్టిలో పాతిపెట్టిన దాసుణ్ణి యజమాని మెచ్చుకున్నాడా అని అడిగారు. నేను గోపురం కట్టబోయేవాడి సంగతి గుర్తుచేశాను. ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోకపోతే పునాది దగ్గరే ఆగిపోయి నలుగురిలో నవ్వులపాలవుతాడు కదా అన్నాను. రెండూ ఒకే ప్రభువు చెప్పినవే అన్నారాయన. అవును, అందుకే రెండూ చదవాలి అన్నాను. ఇలా మేము ఒకరికొకరం ఉపమానాలు వడ్డించుకుంటుంటే, మా చెల్లి పళ్ళాలు తీస్తూ గుమ్మంలో ఆగింది.

"ఆయన తలాంతు కొంటారు, నువ్వు గోపురం కడతావు. బాగుంది. క్వార్టరు తాళాలు ఇచ్చేశాక నేనెక్కడ పడుకోవాలో ఆ ఉపమానం కూడా ఎవరో ఒకరు చెప్పండి."

ఆయన నవ్వారు. నవ్వుతూనే మొహం తిప్పుకున్నారు. కాసేపటికి, రేపు కొనను, ఎల్లుండి సంగతి ఎల్లుండి అన్నారు. నాకు అంతకంటే దక్కలేదు.

సోమవారం ఆ షేరు పెరిగింది.

మధ్యాహ్నం చెల్లి ఫోను చేసి, ఆయన అన్నం సరిగ్గా తినలేదని చెప్పింది. మంగళవారం ఇంకాస్త పెరిగింది. కొద్దిగానే, కాని పెరిగింది. నేను చెప్పినవన్నీ ఆ రెండు రోజులూ పనికిమాలిన మాటల్లా అనిపించి ఉంటాయి ఆయనకి. నిజం చెప్పాలంటే నాక్కూడా మనసు కలతపడింది. అయితే బ్యాంకు నాకు ఒకటి నేర్పింది. జూదం ఆడినవాడు గెలిచాడని చెప్పి, ఆడటం తెలివి అయిపోదు. పెట్టే రోజున మన చేతిలో ఉన్న కారణాలు ఎంత గట్టివో అదే చూసుకోవాలి. తర్వాత వచ్చేది మన చేతిలో లేదు. అదే మాట ఫోనులో ఆయనకి చెప్పబోతే, తర్వాత మాట్లాడదాం వదినా అని పెట్టేశారు.

బుధవారం ఆయన మనసు మార్చినది నేను కాదు. ఆ డింగీలో బతికి బయటపడిన మా సంఘం మనిషి. అతను జెట్టీ దగ్గర ఆయన కోసం కాచుకుని ఉన్నాడట. కొత్త ఇంజను కొనుక్కోవడానికి దాచుకున్న డబ్బు ఉంది, యాప్ ఎలా పెట్టుకోవాలో చూపించమన్నాడట. ఆ సాయంత్రం ఆయన ఒక్కరే మా ఇంటికి వచ్చారు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఏమన్నాడో తెలుసా వదినా? 'భయ్యా, నీకు దేవుడు చూపించాడు కదా, బస్, నాకు అది చాలు' అన్నాడు."

"మీరేమన్నారు?"

"ఆదివారం దాకా ఆగమన్నాను." ఆగి, మెల్లగా అన్నారు. "నేను తప్పు కబురు పంపాను. అది విని వాళ్ళు పడవలు తిప్పేస్తున్నారు. మళ్ళీ పంపాలి కదా, సరిచేసి."

మేమిద్దరం అక్కడే, నా వరండాలో, ప్రార్థన చేసుకున్నాం. ఈసారి ఆయన గుర్తు ఏమీ అడగలేదు. లేచి నిలబడి చెప్పడానికి బలం ఇవ్వమని మాత్రం అడిగారు.

ఆదివారం సాక్ష్యాల సమయంలో ఆయన లేచేసరికి అందరూ ఇంకో శుభవార్త కోసం తలలు తిప్పారు. చెల్లి నా చెయ్యి పట్టుకుంది. ఆయన సంగతంతా ఏమీ దాచకుండా చెప్పారు. శని, ఆదివారాలు మార్కెట్టు మూసి ఉంటుందని తనకి తెలియదన్నారు. మూసి ఉన్న చోట ధర పడకపోవడం దేవుని గుర్తు కాదన్నారు. తన మాట విని ఎవరూ ఆ షేరు కొనవద్దని, తను కూడా ఇంటి డబ్బు అందులో పెట్టడం లేదని చెప్పారు.

"పోయిన వారం చెప్పిన సాక్ష్యం వెనక్కి తీసుకుంటున్నానండి," అన్నారు.

ఇలాంటిది మా దగ్గర ఎప్పుడూ జరగలేదు. ఏమనాలో ఎవరికీ తెలియదు. ఎక్కడో వెనక ఒక కుర్రవాడు నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు చేశాడు. మా మరిది చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడు అయ్యగారు ప్రసంగ వేదిక మీంచి దిగి వచ్చారు.

"బ్రదర్, నేను కూడా ఆమెన్ అన్నాను కదా. నాకూ తెలీదు," అన్నారు. "నా ఆమెన్ కూడా వెనక్కి తీసుకుంటున్నాను."

అప్పుడు నవ్వారు అందరూ. హేళనగా కాదు. బరువైన మూటని ఇద్దరు చెరోవైపు పట్టి దించినప్పుడు వచ్చే నవ్వు అది. చేతులెత్తిన పెద్దావిడ, నేను స్తోత్రం అన్నది దేవుడికి, షేరుకి కాదు, నాది వెనక్కి తీసుకోను అంది. దానితో మళ్ళీ నవ్వారు. ప్రార్థన అంశం ఏమైనా ఉందా అని అయ్యగారు అడిగితే, మా మరిది ఆ కంపెనీలో పనిచేసేవాళ్ళ జీతాలు ఆగకుండా ఉండాలని ప్రార్థించమన్నారు. ఆ మాటకి నా కళ్ళు చెమర్చాయి. షేరు వదులుకున్నా ఆయన ఆ మనుషుల్ని వదల్లేదు.

తర్వాత ఆయన ఆ షేర్లు కొన్ని కొన్నారు. ఎంత పెట్టాలని అడిగితే, పోయినా మీ ఇంట్లో ఎవరూ ఒక పూట కూడా తగ్గించి తినక్కర్లేనంత అని చెప్పాను. అంతే పెట్టారు. మా చెల్లి దానికి అడ్డు చెప్పలేదు. ఆ పైన ధర కొన్నాళ్ళు లేచింది, కొన్నాళ్ళు పడింది. కొన్నిరోజులు అమ్ముదామన్నా కొనేవాళ్ళు లేరు. ఆ కంపెనీ ఇంకా నడుస్తోంది, ఇంకా కష్టాల్లోనే ఉంది. నిలబడుతుందో లేదో నాకు తెలియదు. నిలబడాలనే నా ప్రార్థన. నిలబడితే ఆ రోజు మేమిద్దరం తప్పు లెక్క వేశామని ఎవరైనా అనొచ్చు. అననివ్వండి. మా చెల్లి ఇంటికప్పుని పందెం కాస్తేనే దక్కే లాభం, దక్కకపోయినా మాకు నష్టం లేదు.

ఫెరార్గంజ్‌లో పని అనుకున్నట్టే ఎండల్లో మొదలైంది, అనుకున్నట్టే ఓడ ఆలస్యమై ఆగింది, మళ్ళీ సాగింది. క్వార్టరు తాళాలు గడువు లోపలే ఇచ్చేశారు. గృహ ప్రతిష్ఠ ప్రార్థన నాటికి గోడలకి పూత లేదు, వంటింటికి తలుపు లేదు, బయట వాన. సంఘం మనుషులు తడిసిన గొడుగులు వరండాలో ఒకదానికొకటి ఆనించి లోపలికి వచ్చారు. ఇంజను డబ్బు దాచుకున్న ఆ మనిషి కొత్త ఇంజనుతో పట్టిన చేపలు తెచ్చాడు. అయ్యగారు ఒక్కో గదిలో నిలబడి ప్రార్థించారు. మా చెల్లి ప్రతి గదిలోనూ గోడకి చెయ్యి ఆనించి నిలబడింది.

చివర్లో అయ్యగారు మా మరిది వైపు తిరిగి, సాక్ష్యం ఏమైనా చెప్తారా బ్రదర్ అని అడిగారు. అందరూ ఆయన వైపు చూశారు. ఆయన తల కాస్త పక్కకి వంచి, రేకుల మీద పడుతున్న వానని విన్నారు.

"ఇల్లుంది కదండీ అయ్యగారూ," అన్నారు. "రండి, వడ్డించేశారు. చేప చల్లారితే బాగోదు."